మూడు చప్పట్లు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో తలుపులన్నీ మాటకే తెరుచుకుంటాయి. రోజంతా వాటితో మాట్లాడేది తెలుగు నర్సులే కాబట్టి, ఏళ్లు గడిచేసరికి అవి వాళ్ల యాసే నేర్చుకున్నాయి. డచ్‌వాళ్ల డచ్ వాటికి అర్థం కావడం మానేసింది.

స్నానాలగదిని డచ్‌లో బట్‌కామర్ అంటారు. ఆశ్రమంలో ఉంటున్న వెర్‌హూఫ్ మాస్టారు ఆ గది ముందు నిలబడి, అసలు డచ్‌వాళ్లలా మొదటి ముక్కను నొక్కి నొక్కి అరుస్తున్నాడు. ఆపుకోలేక కాళ్లు మెలిపెడుతున్నాడు.

నర్సు నాంచారి చేతులు కట్టుకుని చూస్తోంది. ఒకప్పుడు హైదరాబాదులో, డచ్ భాషా పరీక్షలో, ఇదే మాటను అన్ని ముక్కలూ ఒకే బరువుతో పలికిందని, అందరి ముందూ ముక్కముక్కకీ ఆమెచేత చప్పట్లు కొట్టించి మరీ ఫెయిల్ చేశాడీయన. మొగుడి దగ్గరికి రావాల్సిన వీసా ఆగిపోయింది. చివరికి ఆమె వచ్చేసరికి అతను ఇక్కడ వేరే కాపురం పెట్టేశాడు.

"పాపం నాంచారీ, ముసలాయన! నువ్వు చెప్పి తెరవరాదూ?" అంది తోటి నర్సు తాయారు.

"నువ్వూరుకోవే," అని నాంచారి ఆయనవైపు తిరిగింది. "చప్పట్లు కొడుతూ చెప్పండి మాస్టారూ. బట్. కా. మర్. దేన్నీ నొక్కకండి."

ఆయన చప్పట్లు కొట్టాడు. అలవాటుకొద్దీ నొక్కేశాడు. తలుపు కదల్లేదు.

"మళ్లీ," అంది, అచ్చం ఆనాటి ఆయనలాగే.

మళ్లీ కొట్టాడు. ఈసారి అచ్చం ఆనాటి ఆమెలాగే పలికాడు. తలుపు తెరుచుకుంది. అప్పటికే గచ్చు తడిసిపోయింది.

"పాసయ్యారు," అంది నాంచారి.