గాలి ఎంత పెద్దది?

చలికాలంలో సుడిగాలేమిటని అందరూ విస్తుపోయారు. మబ్బు పట్టే కాలమే కాదు. అయినా ధనుర్మాసంలో ఓ సాయంత్రం అది దుర్గి దగ్గరి పల్లె మీద పడింది. రోశమ్మ ఇంటి పైకప్పు ఊడగొట్టి పోయింది.

గాలి బలం తేల్చడానికి గుంటూరు నుంచి ఇంజనీరు యశస్విని వచ్చింది. సుడిగాలికి ఎదురెళ్ళి కొలిచే మొనగాడెవడూ లేడు. అది పోయాక, పాడుచేసిన వాటిని చూసి గ్రేడు వేస్తారు. గట్టి గోడ కూలితే పెద్ద గ్రేడు. వదులు రేకు ఎగిరితే చిన్నది.

రోశమ్మ ఆమె వెనకాలే తిరిగింది. "పెద్ద గాలే కదమ్మా?"

యశస్విని కింద పడ్డ రేకుల్ని తిరగేసి చూసింది. రేకులకు హుక్కులు లేవు. ఎగరకుండా పైన నాపరాళ్ళు పేర్చారు. గాలికి రేకులు లేచాయి, రాళ్ళు ఇంట్లోకి జారాయి. మనవరాలు గోపిక వాటి కిందే పోయింది. ఇంటిపక్క మునగచెట్టు మాత్రం నిక్షేపంగా ఉంది. పట్టుకుంటే విరిగే మునగకొమ్మ!

"చిన్న గాలే మామ్మా" అంది చివరికి. "అన్నిటికన్నా కింది గ్రేడు. రాళ్ళు లేకపోతే రేకులు ఎగిరిపోయేవి, అంతే."

రోశమ్మ గాభరాగా ఆమె చెయ్యి పట్టుకుంది. "మెల్లగా అనమ్మా! మావోడు వింటాడు."

"ఎవరు?"

"బ్రహ్మాజీ. నా కొడుకు, గోపిక నాయన. రేకుల చప్పుడుకి పిల్ల జడుసుకుంటందని వాడే ఎక్కించాడా రాళ్ళు. దెబ్బలతో ఆస్పత్రిలో పడుండి కూడా ఒకటే మాట. 'బిడ్డని నేనే చంపుకున్నానే అమ్మా' అని. పొద్దుట్నుంచి ముద్ద ముట్టట్లా. మేం ఎంత చెప్పినా నమ్మట్లా. చదువుకున్నదానివి, నువ్వు చెబితే నమ్ముతాడు."

"రిపోర్టు మార్చలేను మామ్మా."

"కాగితం మీద నీ ఇష్టం. నోటితో ఒక్కమాట చెప్పు తల్లీ."

పెరట్లో చుట్టాలు గోడ వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. యశస్విని అటు చూసింది. ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. అయినా గట్టిగానే చెప్పింది.

"బ్రహ్మాజీ గారూ! చాలా పెద్ద గాలి. దానికి డాబా అయినా కూలేదే. మీ తప్పేం లేదు."



గోడ మీది కాకి కిందికి దిగి, విస్తరిలో బ్రహ్మాజీకి పెట్టిన పిండాన్ని ముట్టింది.