సెలవు మంజూరు

"మా అత్తయ్యకి ఆపరేషన్ సార్. మూడింటికి. ఇప్పుడు బయలుదేరితేనే అందుకోగలను."

మేనేజరు లేచాడు. బల్ల ఇవతలికి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆమె మోకాళ్లకి జానెడు దూరంలో కూర్చున్నాడు. తల ఓ పక్కకి వాల్చాడు.

"అయ్యో తల్లీ! ముందు కాసిని మంచినీళ్లు తాగు."

పొద్దున ఇదే మనిషి ఆమె సెలవు చీటీని సగమైనా చదవలేదు. 'కుదరదు' అని, ఈగని తోలినట్టు వేళ్లతో పక్కకి తోసేశాడు. ఇప్పుడేమో గొంతులోంచి తేనె కారుతోంది.

గ్లాసు అందుకుంది. అంచు మీద ఆయన బొటనవేలి ముద్ర తడితడిగా ఉంది. తాగలేదు.

"ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?"

"మా ఆయన ఊళ్లో లేరు సార్. రాత్రికి గానీ రారు. ఆవిడకి నేనొక్కదాన్నే."

పెళ్లయి మూడు నెలలు. భయపడుతూ అత్తగారింట్లో అడుగుపెట్టిన పిల్ల, వారం తిరక్కుండానే ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని సినిమాలు చూడడం మొదలెట్టింది. పొద్దున ఆసుపత్రి మంచం మీద కూడా ఆవిడ ఊరుకోలేదు. కోడలి జడ విప్పి మళ్లీ అల్లింది.

"మత్తు సూది గుచ్చేలోపు వచ్చి మొహం చూపించవే పిల్లా. నువ్వు రాకపోతే డాక్టరుతో పోట్లాడైనా మెలకువగా ఉంటా."

నవ్వుతూనే అంది గానీ, ఆవిడ వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి.

ఆ చల్లదనం గుర్తుకొచ్చి కళ్లు నిండాయి. ఈయన ముందు ఏడుస్తున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

మేనేజరు ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నాని ఉబ్బిన సబ్బుముక్క తగిలినట్టయింది. అయినా చెయ్యి లాక్కోలేదు. గోడ గడియారంలో రెండుంపావు.

"నీ బాధ నాకు తెలుస్తోందమ్మా," అన్నాడు, చెవిటివాళ్లకి చెబుతున్నంత గట్టిగా. "మా అమ్మయినా మీ అత్తగారయినా ఒకటే. పనిదేముంది, రేపు చేసుకుంటాం. మనిషి ముఖ్యం."

ఆయన కళ్లలోనూ నీళ్లు! ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడో మహానుభావుడు. చలిజ్వరంతో వణుకుతున్న గుమాస్తాని 'ఫ్యాను ఆపుకుని పని చెయ్యి' అన్న నోరేనా ఇది?

"మరి... సెలవు సార్?"

"అడగాలా తల్లీ? మంజూరు! ఇప్పుడే వెళ్లు. నీ పనంతా నేను చూసుకుంటా. ఆవిడకి నయమయ్యేదాకా ఇటు తొంగి చూడకు."

ఒక్క క్షణం ఆమె నమ్మింది. ఆ జిడ్డు మాటల్నీ, ఆ తడి చేతుల్నీ కూడా క్షమించేసింది. గబుక్కున లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

గోడవార కుర్చీల్లో కూర్చుని ఇంతసేపూ చూస్తున్న ఆఫీసు జనమంతా చప్పట్లు కొట్టారు, 'తోటివారి మనసెరిగి మెలగడం' మీద శిక్షణ ఇవ్వడానికి వచ్చిన మేడం ఆయనకి పదికి పది వేసింది, ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ "బాగా నటించావు, ఇక సీట్లోకి వెళ్లు" అన్నాడు.