నాలుగు నిమ్మకాయలు

ఆ శుక్రవారం ఉదయం తొండియార్‌పేట ఇంట్లో ఉన్నవాళ్లు: కృష్ణస్వామి, ఆయన భార్య అలమేలు, కొడుకు గిరి, అంబత్తూరు షెడ్డు నుంచి బండి తెచ్చిన నాగప్పన్. ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉంటున్న అలమేలు తమ్ముడి కూతురు భువనేశ్వరిని కూడా కలిపితే ఐదుగురు. తనను కలపాలో వద్దో ఇంకాసేపట్లో తేలిపోతుందని భువనకు తెలుసు. ఆమె డైరీ ఆదివారం నుంచి కనిపించడం లేదు.

వాకిట్లో కొత్త పికప్ తెల్లగా మెరుస్తోంది. వారం రోజులు నాగప్పన్ షెడ్డులో ఉండి వచ్చింది. వెనక ట్రాలీ చుట్టూ ఇనుప కమ్మీలు వేశాడు, టార్పాలిన్ కట్టుకోవడానికి కొక్కేలు పెట్టాడు. ముందు అద్దం పైన ఎర్ర కుచ్చులు వేలాడుతున్నాయి. కుడివైపు వెనక లైటు కూడా కొత్తదే. అది కంటపడినప్పుడల్లా భువన తల పక్కకు తిప్పేసుకుంటుంది.

పాతది పగలగొట్టింది ఆమే.

పన్నెండు రోజుల కిందట, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా మేకుకున్న తాళంచెవి తీసింది. ఊళ్లో నాన్న ట్రాక్టరు తోలిన చేతులు ఊరుకోలేదు. బండిని రెండు గజాలు వెనక్కి పోనిచ్చింది. బ్రేకు మీద కాలు పడేలోపు గోడ తగిలింది. ఎవరూ చూడలేదు. సాయంత్రం కృష్ణస్వామి గిరిని నిలదీసి, కాదన్నా వినకుండా పక్కింటివాళ్ల ముందే చెయ్యి చేసుకున్నాడు. భువన తలుపు చాటున నిలబడి చూసింది. నోరు విప్పలేదు. డైరీలో మాత్రం అంతా రాసుకుంది.

ఊరికి వెనక్కి పంపేస్తే ఇక చెన్నై ముఖం చూడనివ్వరు.

"ఏం నాగప్పన్నా, సీటు ఇట్లా వేసినావు? నా మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుంటా ఉండాయి" అంటూ గిరి బండి దిగాడు.

"మీ అప్పా చెప్పిన కొలతే తంబీ. నన్నడగొద్దు."

"ఈ ఇనుప మెట్టు ఎవురికి? మా అమ్మ మోకాళ్లకా?"

"నేనేడికి పోతానురా దీంట్లో, అరిటాకు కట్ట మాదిరి?" అలమేలు లోపలి నుంచే కేకేసింది.

జార్జి టౌన్‌లో కృష్ణస్వామిది అరిటాకుల అంగడి. ఇరవై ఏళ్లు అద్దె బండ్ల మీద నెట్టుకొచ్చాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎడమకాలు సరిగా మడవడం లేదు. కొత్త బండి గిరి తోలతాడనుకున్నాడు. గిరికేమో ఆఫీసు ఉద్యోగం వచ్చింది.

"నేను సోమవారం నుంచి ఆఫీసుకు పోతే, లోడు ఎవురు తోలతారప్పా?"

"మనిషి కుదిరింది. నీకెందుకురా ఆ సంగతి?"

ఆ మాట అంటూ కూడా మామ భువన వైపు చూడలేదు. మొన్న సోమవారం ఆమె ఆధార్ కార్డు, రెండు ఫోటోలు అడిగి తీసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. అడిగే ధైర్యం ఆమెకు లేదు.

భువన వంటింట్లోకి వెళ్లింది. పై అర మీది టిఫిన్ డబ్బా అందక స్టూలు ఎక్కి దించింది. అలమేలు అందులో పులిహోర సర్ది, నీళ్ల సీసాతో పాటు సంచిలో పెట్టింది.

"దావలో ఆకలైతే తిను."

"ఏడికత్తా?"

"మీ మామ చెప్తాడు. కళ్లు తుడుచుకో ముందు."

"భువనా!" వాకిట్లోంచి పిలుపు. ఆమె సంచితో బయటికి వచ్చి, దాన్ని అరుగు మీద పెట్టింది.

కృష్ణస్వామి చేతిలో నీలం అట్ట డైరీ ఉంది.

"ఇది నీదేనా?"

ఆమె తల ఊపింది.

"లైటు పగలగొట్టింది నువ్వేనా?"

మళ్లీ ఊపింది.

"చూసినావా! నేను చెప్పినానా లేదా?" గిరి ఎగిరాడు. "నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల అనుకుంటిమే! ఊరికే దెబ్బలు తింటిని కదప్పా!"

"తప్పయింది బావా. తప్పయింది మామా."

"బండి తీసినావు, సరి. వాడు దెబ్బలు తింటా ఉంటే చూస్తా నిలబడినావే, అది తప్పు. పద్దెనిమిది నిండిన పిల్లవి. చేసినదానికి బాధ్యత తెలియాల." ఆయన డైరీ ఆమె సంచిలో పడేశాడు. "మీ నాయనకు ఫోను చేసి అంతా చెప్పినా. సరే, మీ ఇష్టం అన్నాడు."

అంటే ఊరికి పంపేయడమే.

నాగప్పన్ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. అలమేలు కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది. బండి ఎవరిదైనా సరే, రోజూ తోలబోయేవాళ్లే మొదట నిమ్మకాయలు తొక్కించాలని ఆమె పట్టింపు. అందుకే షోరూములో తొక్కించనివ్వలేదు.

"ఆ కుదిరిన మనిషి ఏడప్పా? మంచి టైము దాటిపోతా ఉండాది" గిరి వీధి చివరికి చూశాడు.

కృష్ణస్వామి భువన వైపు తిరిగాడు.

"సంచి తీసుకో. ఎక్కు."

ఆమె తల వంచుకుని ఎడమవైపుకు నడిచింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"ఆడ కాదు."

భువన బండి వెనక ట్రాలీ వైపు చూసింది. ముందు కూర్చునే అర్హత కూడా పోయింది. కళ్లలో నీళ్లు నిండి కమ్మీలు మసకబారాయి. మామ ఆమె భుజం పట్టుకుని బండి వెనకవైపుగా నడిపించాడు. పాదం కింద ఇనుము తగిలింది. ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

బయట నుంచి మామ ధడాలున తలుపు మూశాడు.

కళ్లు తెరిస్తే, ఎదురుగా స్టీరింగు ఉంది.