కౌంటరుకు ఇవతల

"ఆ డబ్బా లోపల పెట్టు, ప్రేమ్‌రాజ్."

మందుల షాపు కౌంటరు మీద అడ్డంగా ఒక చెయ్యి వచ్చి పడింది.

యాస్మీన్ తల తిప్పి చూసింది. అరవై ఏళ్లుంటాయి ఆమెకు. నేత చీర, నెరిసిన జుట్టు, చంకలో గుడ్డసంచి.

యాస్మీన్‌కు అసలే తొందరగా ఉంది. కిషన్‌బాగ్‌లో ఇంటి దగ్గర తండ్రి అజ్మత్ అలీ మోకాలి నొప్పితో మూడు రోజులుగా మంచం దిగడం లేదు. నొప్పి గోలీ మింగిస్తే వాంతి చేసుకుంటున్నాడు. మలద్వారంలో పెట్టుకునే నొప్పి మందు ఉంటుందని పక్కింటావిడ చెబితే పరుగున వచ్చింది.

"ఎవరికి బిడ్డా?" అడిగింది పెద్దావిడ.

"మా అబ్బాజాన్‌కు. మీకేంది?"

"డాక్టరు రాసిచ్చిండా?"

"మోకాలి నొప్పికి డాక్టరెందుకు?"

"గుండెకు గిట్ల గోలీలు వాడుతడా?"

రెండేళ్ల కిందట తండ్రికి గుండెలో స్టెంటు వేశారు. రక్తం పలచబడే గోలీ రోజూ వేసుకుంటున్నాడు. కానీ నడిబజార్లో నిలబడి ఈమెకు ఆ సంగతంతా ఎందుకు చెప్పాలి?

"కడుపుల పుండు ఎప్పుడన్న అయ్యిందా?"

"అమ్మా, ఇది మింగేది కాదు. కడుపుకేం గాదు," విసుక్కున్నాడు కౌంటరు వెనకున్న ప్రేమ్‌రాజ్.

"నోట్లేసుకున్నా, కింద పెట్టుకున్నా పోయేది రక్తంలకే. కడుపుల నెత్తురు పడనీకి గదే చాలు."

ప్రేమ్‌రాజ్ యాస్మీన్ వైపు తిరిగాడు.

"పట్టించుకోకు చెల్లే. నెల రోజుల సంది గిదే లొల్లి. వచ్చినోళ్లనందరిని ఎల్లగొడుతుంది."

"సరే, నువ్వే చెప్పు," అతన్ని నిలదీసింది పెద్దావిడ. "రోజుకెన్ని పెట్టుకోవాలె?"

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"ఎన్ని రోజులు?"

"నొప్పి తగ్గేదాక."

"ఏ మందుల్తోని కలపొద్దు?"

ప్రేమ్‌రాజ్ మొహం ఎర్రబడింది.

"బయటికి నడువ్! లేకుంటే పోలీసులను పిలుస్త."

"పిలువు," అంది ఆమె, కాలు కదపకుండా. "నాక్కావల్సింది గదే."

యాస్మీన్ పైసలిచ్చి డబ్బా తీసుకుంది. మెట్లు దిగుతుంటే పెద్దావిడ వెనకే వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నా మాట వినకపోతే పాయె. గీ ఒక్కటి యాదుంచుకో. దొడ్డికి తారు లెక్క నల్లగ వస్తే ఒక్క గడియ ఆగకు. మందు బంద్ జేసి దవాఖానకు ఉరుకు. ఈ డబ్బా సుత డాక్టరుకు చూపియ్యి."

యాస్మీన్ చెయ్యి విదిలించుకుంది.

"మా ఇంటి ఫికర్ మీకెందుకు?"

"నాకే ఉండాలె. ఇంకెవలికుంటది?"

ఆ సాయంత్రానికే నొప్పి తగ్గింది. అజ్మత్ అలీ లేచి వాకిట్లో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. యాస్మీన్ ఆ పెద్దావిడను తలుచుకుని నవ్వుకుంది.

నాలుగో రోజు పొద్దున ఆయన బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చాడు. ఒళ్లంతా చెమట.

"బేటీ, నల్లగ పోతుంది."

"వేడి చేసి ఉంటది. సబ్జా నీళ్లు తాగిపియ్యి," అన్నాడు అన్న షాహెద్.

యాస్మీన్ మణికట్టు మీద ఆ పట్టు మళ్లీ బిగుసుకున్నట్టయింది.

"సబ్జా లేదు, గిబ్జా లేదు. ఆటో పిలువు."

"డ్యూటీకి లేటయితది. సాయంత్రం చూద్దాం."

"నువ్వు డ్యూటీకే పో. నేను తీస్కపోత," అని తండ్రి భుజం కింద భుజం పెట్టి లేపింది.

షాహెద్ ఆటో కోసం పరిగెత్తాడు.

దవాఖానలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. మందు డబ్బా చూసిన డాక్టరు తల పట్టుకున్నాడు.

"స్టెంటు వేసిన మనిషికి, రక్తం పలచబడే మందు వాడే మనిషికి ఇది ఎవరిచ్చారమ్మా? సాయంత్రం దాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదు. వెంటనే తీసుకురమ్మని నీకెవరు చెప్పారు?"

"మందుల షాపు కాడ ఒక పెద్దామె," అంది యాస్మీన్. కనీసం ఆమె పేరు కూడా అడగలేదు తను.

వారం తర్వాత తండ్రి ఇంటికి వచ్చాడు. మర్నాడే యాస్మీన్ బార్కస్ జామపండ్లు కొని షాపు దగ్గరికి వెళ్లింది. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూడబలుక్కుంది.

షట్టరు దించి ఉంది. తాళానికి లక్క ముద్ర వేసి ఉంది.

"మందుల ఇన్‌స్పెక్టర్లు వచ్చి సీలేసిండ్రు," అన్నాడు పక్కన తాళంచెవులు చేసే తారిక్.

"ఈడ రోజూ వచ్చే పెద్దామె ఏది భాయ్?"

"లలితమ్మనా? ఇగ రాదు. ఇల్లు ఖాళీ చేసి పోయింది. యాడికో ఎవలికి తెల్వదు."

"ఆమెనే పట్టిచ్చిందా?"

"ఆమెనే. మస్తు మంది వద్దన్నరు. ప్రేమ్‌రాజ్ కాళ్లు సుత పట్టుకున్నడు. వినలే."

"మంచి పనే చేసింది గద. మరి ఇల్లిడిచి ఎందుకు పోయింది?"

తారిక్ ఆకురాయి పక్కన పెట్టాడు.

"మందులమ్మాలంటే ఫార్మసిస్టు చదువు చదివినోళ్లు ఉండాలె గద చెల్లే. ప్రేమ్‌రాజ్ పదో తరగతి ఫేలు."

ఆ షాపు పదకొండేళ్లుగా నడిచింది లలితమ్మ కిరాయికిచ్చిన ఫార్మసిస్టు సర్టిఫికెట్టు మీదే. ఫిర్యాదులో మొదటి ముద్దాయిగా ఆమె రాసిచ్చింది తన పేరే.