దిష్టి తగిలిన ఫొటో

“నా బిడ్డ ఫొటోలన్నీ పోయినాయి నాయనా!”

కువైట్‌లో జహ్రా బజారులోని కంప్యూటర్ షాపులోకి కళావతి ఏడుస్తూనే వచ్చింది.

ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, మామా, ఒక పాత లాప్‌టాప్ ఇచ్చింది. ఫోన్ నిండినప్పుడల్లా కూతురు దేవిక ఫొటోలు అందులో వేయించుకునేది. రెండేళ్ల పిల్లను ఊళ్లో వదిలి వచ్చిన తల్లి. బిడ్డ పెరగడమంతా చూసుకున్నది ఆ ఫొటోల్లోనే.

నిన్న మామా కొడుకు దానికి కొత్త విండోస్ ఎక్కించాడు. అంతే, ఫొటోల ఫోల్డర్ నొక్కితే నీకు అనుమతి లేదు పొమ్మంటోంది. కన్నతల్లికే అనుమతి లేదట!

షాపువాళ్లు ఆసిఫ్ అని పిలిచే మనిషి లాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి అటే చూస్తున్నాడు.

“ఏడొద్దక్కా. యాడికీ పోలేదు. ఫోల్డర్ ఇంకా పాత పేరు మీదనే ఉండాది. కొత్త పేరుకు మార్చాల, అంతే.”

“మన సైడోనివే! యా ఊరు?”

“అదెందుకులేక్కా.”

కళావతికి కాలు నిలవడం లేదు. కూర్చుంది, లేచింది, అతని భుజం మీదుగా తొంగిచూసింది.

“వస్తాయా?”

“వస్తాయి.”

“అన్నీనా?”

“అన్నీ వస్తాయక్కా, కుచ్చో!”

ఫోల్డర్ తెరుచుకుంది. బడి బట్టల్లో దేవిక. సైకిల్ మీద దేవిక. కళావతి స్క్రీన్‌కే ముద్దు పెట్టింది.

అన్నీ సరిగా ఉన్నాయో లేదోనని ఆసిఫ్ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. వోణీల ఫంక్షన్ ఫొటో దగ్గర ఆగిపోయాడు. కుర్చీలో పచ్చ వోణీతో దేవిక, చుట్టూ అక్షింతలు వేస్తున్న ఆడవాళ్లు.

“ముందుకు పోనీ.”

అతను పోనివ్వలేదు. పెద్దది చేసి చూశాడు.

“అక్కా, ఈ ఫొటో నా ఫోన్లో వేసుకుంటా. ఇదొక్కటే.”

కళావతికి ఒళ్లు భగ్గుమంది. కువైట్‌కు పోయినదాని కూతురని ఊళ్లో ఎవడో ఒకడు లోకువగా చూస్తూనే ఉంటాడు. ఇక్కడ వీడొకడు!

“ఎదిగిన ఆడపిల్ల ఫొటో నీకెందుకురా? అక్కచెల్లెండ్లు లేరా నీకు? సిగ్గుండాల!”

“అది కాదక్కా...” అతను తలుపు వైపు చూశాడు.

“నోర్ముయ్! ఖలాస్!”

లాప్‌టాప్ లాక్కుని వచ్చేసింది.

గదికి వచ్చినా మనసు కుదుటపడలేదు. పాడు కళ్లు! బిడ్డకు ఎంత దిష్టి తగిలిందో ఏమో. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేద్దామంటే, ఆ ఘాటుకు మామా ఇల్లు పీకి పందిరి వేస్తుంది. చూసి చూసి ఆ ఒక్క ఫొటో తుడిచేసింది. మళ్లీ రాకుండా చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. ఫంక్షన్‌వి ఇంకా చాలా ఉన్నాయిలే అనుకుంది. అప్పుడు గాని అన్నం సయించలేదు.

నెల తిరిగాక దేవిక ఫోన్ చేసింది.

“మా, రజియమ్మ కొడుకు హుస్సేన్ వలి వచ్చినాడు.”

రజియా బీ పక్కింటామె. కళావతి విమానం ఎక్కిన రోజు నుంచీ దేవికను సాకింది ఆమే. రంజాన్‌కు ముందు చనిపోయింది. కళావతి ఆ ఇంటికి కాపురానికి రాకముందే ఊరు విడిచిన కొడుకును ఆమె ఎప్పుడూ చూడలేదు. కువైట్‌లోనే ఎక్కడో ఉన్నాడని, ఉండేందుకు అకామా కాగితం లేక తల్లి మట్టికి కూడా రాలేకపోయాడని మాత్రం విన్నది.

“అయ్యో, ఇప్పుడెట్ట వచ్చినాడు?”

“చెకింగ్‌లో దొరికితే పంపేసినారంట. వాళ్లమ్మ ఫొటో కావాలంటాండాడు మా. ఆమె యాడ దిగనిచ్చింది? ఫోన్ ఎత్తితే మొగానికి కొంగు అడ్డం పెట్టుకునేది. నా ఫంక్షన్ నాడు తెలీకుండా ఒక్కదాంట్లో పడింది. నా పాత ఫోన్ పగిలిపోయింది గదా, నీ కాడుండేదే పంపు.”

కళావతి లాప్‌టాప్ తెరిచి చూసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ.

“మా, ఉండావా? ఆ ఫొటో నీ కాడుండాదని మేమెవురమూ చెప్పలేదు మా. ‘మీయమ్మను అడుగు పాపా, ఆ ఫోల్డర్ తెరిచిచ్చింది నేనే’ అని ఆయప్పే చెప్పినాడు.”