కాటా కట్టిన ధర

పాత రేసు సైకిలు ఒకటి నడిపించుకుంటూ, అందరూ 'షోరూమ్' అని పిలిచే మనిషి కొట్టు మెట్టెక్కడం చూడగానే, కాటా చేతిలోని రెంచి ఆగిపోయింది.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర పంక్చర్లు వేస్తూ పని నేర్చుకున్నారు. చిన్నవాడు పైకొచ్చాడు. మూడంతస్తుల సైకిళ్ల షోరూమ్ పెట్టాడు. ఆ పేరే అతనికి స్థిరపడిపోయింది. పెద్దవాడు ఈ రేకుల కొట్టులోనే ఉండిపోయాడు. అయితేనేం, పాత సైకిలు ఏదైనా సరే, అతను చీటీ మీద రాసిందే ధర. తూకం తప్పడని ఊరంతా అతన్ని కాటా అంటుంది.

కాటాకు రెండు నియమాలు. కొంటున్నారా, అమ్ముతున్నారా అని అడగడు. చీటీ రాశాక దిద్దడు. ఒకసారి సొంత బావమరిది వచ్చి కాళ్లావేళ్లా పడ్డా దిద్దలేదు. ఆ బావమరిది రెండేళ్లు గుమ్మం తొక్కలేదు.

"బాగున్నావా అన్నయ్యా?"

"నీ అంత బాగా ఎక్కడుంటాంలే. మూడంతస్తులు దిగొచ్చావు, మోకాళ్లు నొప్పి పుట్టలేదూ?"

"లిఫ్టు పెట్టించాను అన్నయ్యా" అని నవ్వాడు షోరూమ్. "దీనికి ధర కట్టాలి. నీ చీటీయే కావాలి."

కాటా కడుపు చల్లబడింది. వాడు అప్పుల్లో ఉన్నాడని బజారులో గుసగుసలు వింటూనే ఉన్నాడు. నిజమేనన్నమాట. పాత బళ్లు అమ్ముకునేదాకా వచ్చింది.

చేతులు తుడుచుకుని లేచాడు.

ఒంటి చేత్తో ఎత్తాడు. దూదిమూటలా లేచింది. ఫ్రేము మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. ఖంగుమంది. పగులు లేదు. అతుకుల చుట్టూ గోరు నడిపాడు. ఎక్కడా తట్టలేదు. సీటు గొట్టం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. వెన్నలో దిగినట్టు దిగింది. నలభై ఏళ్ల నాటి బండి. గేరు మీటల నుంచి బ్రేకు తీగల బిగింపుల దాకా అన్నీ అప్పటివే.

చక్రం తిప్పి, బ్రేకు రబ్బరు పక్కన కన్ను పెట్టాడు. ఎంత తిరిగినా మధ్యలో సందు వెంట్రుకవాసి మారలేదు. స్పోకులు ఒక్కొక్కటే వేలితో మీటాడు. అన్నీ ఒకే శ్రుతి.

ఇలాంటి చేయి గురువుగారికి ఉండేది. కీళ్లు బిగుసుకుపోకముందు తనకూ ఉండేది.

"ఎవడు కట్టాడు ఈ చక్రాలు?"

"కొత్త చేయి అన్నయ్యా. ఈ మధ్యే మా వర్క్‌షాపులో కుదురుకుంది." షోరూమ్ కళ్లలో గర్వం దాగలేదు.

కాటాకు కళ్లు కుట్టాయి. గురువుగారి ముద్దు వీడికే. బజారు మొదట్లో స్థలం వీడికే. చేతికందొచ్చిన కొడుకులు ఇద్దరూ వీడికే. తనకేమో ఒక్కగానొక్క కూతురు, పొద్దున వెళితే చీకటి పడేదాకా ఆఫీసులోనే. ఇప్పుడు ఇలాంటి పనివాడు కూడా వీడికే దొరకాలా? వాడు తన దగ్గరుంటే ఈ రేకుల కొట్టు ముందు కార్లు ఆగేవి కావూ!

"ఎంత చేస్తుంది అన్నయ్యా?"

తొంభై వేలు. అంకె మనసులో ఎప్పుడో పడింది. ఒక్క వంద అటూ ఇటూ కాదు.

చీటీ పుస్తకం తెరిచాడు. ముప్పై ఏళ్లలో అందులో ఒక్క అబద్ధం రాయలేదు. ఇవాళ రాస్తే పట్టుకునేవాడూ లేడు. కాటా మాట మీద మాట చెప్పేదెవరు? కలం ఒక్క క్షణం గాలిలో ఆగింది.

ముప్పై వేలు అని రాశాడు.

షోరూమ్ వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, సరిగ్గా చూశావా? ఆ చక్రాలు..."

"ఆ చక్రాలే కొంప ముంచాయి. కట్టినవాడికి పని రాదు."

"పని రాదా?"

"నా కొట్టులోనైతే రెంచి ముట్టుకోనివ్వను. పోయి ఇంకేదైనా బతుకుతెరువు చూసుకోమను."

అంతటితో ఊరుకోలేదు. కారణం రాసే గీత మీద 'చక్రాలు చేతకాని పని' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర గుద్దాడు.

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు" అన్నాడు షోరూమ్ నెమ్మదిగా. "నా మీద ఉన్నదేదో ఈ బండి మీద చూపించడం లేదు కదా?"

"నాకు నువ్వు తూకం నేర్పుతావట్రా?"

షోరూమ్ చీటీ రెండుసార్లు చదువుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎన్నేళ్లుగానో గుండె మీదున్న బరువు దిగినట్టయింది కాటాకు. వాడు ఆ వాడిన మొహంతో మెట్టు దిగుతుంటే కడుపు నిండిపోయింది. అయినా ఇంకొంచెం కావాలనిపించింది. ముప్పై ఏళ్లుగా ఎవరినీ అడగనిది అడిగేశాడు.

"అమ్ముకునేంత అవసరం వచ్చిందా తమ్ముడూ? ముందే చెబితే ఏదో ఒకటి సర్దేవాణ్ని కదా!"

షోరూమ్ ఆగాడు. వెనక్కి తిరిగి, జాలిగా చూశాడు.

"అమ్మేది నేను కాదన్నయ్యా, కొనేవాణ్ని. లక్ష చేతిలో పెడతానన్నా వినకుండా, తన చేత్తో చక్రాలు కట్టి నిలబెట్టిన మొదటి బండికి ధర మాత్రం 'మా నాన్నే చెప్పాలి' అని పట్టుబట్టి కూర్చుంది మీ అమ్మాయి."