కొండ పక్క, లోయ పక్క

కారు గిర్రున తిరిగి, కల్యాణమండపం గోడకు కొట్టుకుని వెల్లకిలా పడింది. అప్పటికి అది పదకొండోసారి.

జయచంద్ర రిమోటు కింద పెట్టి తల పట్టుకున్నాడు.

మూరెడు పొడవున్న కారు అది. చెన్నై నుంచి తెప్పించుకున్నాడు. దాన్ని మలుపులో తోక జారుస్తూ, అడ్డంగా నడిపించాలి. కాలేజీలో పోటీ. పోయినేడు అందరి ముందూ కారు ఇలాగే తిరిగితే, ఆ రోజు నుంచి వాడికి బొంగరం అని పేరు పెట్టేశారు. ఇది 2007, వాడికి ఆఖరి సంవత్సరం. ఈసారీ తిరిగితే ఇక ఆ పేరు చెరిగేది లేదని వాడి బాధ.

ధనుర్మాసం కాబట్టి తిరుపతిలో పెళ్లిళ్లు లేవు. మండపంలో నున్నటి నేల ఖాళీగా ఉంది. వాచ్‌మన్ మునస్వామి రోజూ సాయంత్రం తలుపు తీసి, కుంటుకుంటూ పోయి మూల స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన అక్కడున్నాడన్న సంగతి కూడా జయచంద్రకు గుర్తుండేది కాదు.

ఆ రోజు మాత్రం ఆయన లేచి వచ్చాడు.

"మోటారు మార్చినావా?"

మార్చానన్నాడు జయచంద్ర. ఇంకా వేగంగా పోయేది వేశానని గొప్పగా చెప్పాడు.

"పాతదే పెట్టు. నీకు కావల్సింది వేగం కాదు నాయనా. టైర్లు నేలను పట్టుకుంటాండాయి. జారల్లంటే పట్టు తగ్గల్ల."

కుళాయి పనికి తెచ్చిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి పెరట్లో మిగిలి ఉంది. మునస్వామి దాన్ని గాజుల్లాగా నాలుగు ముక్కలు కోశాడు. వేన్నీళ్లలో ముంచి, మెత్తబడగానే టైర్ల మీదికి తొడిగాడు. ముందు చక్రాలు ఇంకాస్త తిరిగేందుకు, లోపల అడ్డున్న ముక్కను ఆకురాయితో అరగదీయించాడు.

ఇంజనీరింగ్ చదివేది జయచంద్ర. అయినా నోరు మూసుకుని చెప్పినట్టే చేశాడు.

కారు ఈసారి జారింది. జారి, మళ్లీ తిరిగింది.

"తోక జారంగానే భయపడి బ్రేకు పట్టుకుంటాండావు. అసలు బ్రేకు లేదనుకో. తోక యా పక్కకు జారితే, ముందు చక్రాలు ఆ పక్కకే తిప్పు."

సుద్దముక్కతో నేలమీద ఎడమకు తిరిగే మలుపొకటి గీశాడు. ఎడమ పక్కన ఇటుకలు పేర్చాడు. కుడి పక్కన ఏమీ పెట్టలేదు.

"ఇది కొండ. ఆ పక్క లోయ. బండి లోయలోకి పోకూడదు. అడ్డం తిరిగి, జారేదాంట్లోనే వేగం సచ్చి, ముక్కు కొండకు ఆనల్ల."

పోటీలో దేన్నీ తాకకూడదు కదా తాతా అన్నాడు జయచంద్ర.

"ముందు ఆనించేది నేర్సుకో. తాకకుండా పొయ్యేది దాని ఎనకాలే వస్తాది."

మూడు రోజులూ అదే మలుపు. గీత చెరిగితే మళ్లీ అలాగే గీసేవాడు. బండి తోలావా తాతా అని అడిగితే, ఒకప్పుడు తోలినానని చెప్పి ఊరుకున్నాడు.

నాలుగో రోజు జయచంద్ర, రేపు రానన్నాడు. రేపు వైకుంఠ ఏకాదశి. తను కడుపులో ఉన్నప్పుడు అదే రోజు భాకరాపేట కనుమ దారిలో అమ్మ ఎక్కిన బస్సు కొండకు గుద్దుకుందట. ప్రాణాలు దక్కినందుకు వాళ్లమ్మ ఏటా ఆ మలుపులో టెంకాయ కొడుతుంది. కొట్టి, ఆ డ్రైవరును నోరారా తిట్టి మరీ ఇంటికొస్తుంది. అది చెప్పి నవ్వాడు.

మునస్వామి నవ్వలేదు.

"అమ్మ పేరేంది?"

"అలివేలమ్మ."

ఆయన వంగి, సరిగ్గానే ఉన్న ఇటుకలను మళ్లీ సర్దాడు.

"అమ్మ చెయ్యి బాగయిందా?"

వంకర అలాగే ఉండిపోయిందని, చలికి నొప్పి పుడుతుందని చెప్పాడు జయచంద్ర. చెయ్యి సంగతి తనెప్పుడు చెప్పాడో గుర్తురాలేదు. ఎప్పుడో చెప్పే ఉంటాననుకున్నాడు.

ఏకాదశి మర్నాడు వస్తూ ప్రసాదం తెచ్చాడు. మునస్వామి ఆ టెంకాయ ముక్కను కళ్లకద్దుకుని, మెల్లగా నమిలి తిన్నాడు.

ఆ సాయంత్రమే కారు అడ్డంగా జారుతూ వచ్చి, ఇటుకలకు ముక్కు ఆనించి, కదలకుండా నిలిచింది.

"ఇంగొకసారి" అన్నాడు మునస్వామి. రెండోసారి చూసి, కళ్లు తుడుచుకున్నాడు. "సాలు నాయనా."

పోటీలో జయచంద్ర దేన్నీ తాకకుండా మలుపు దాటాడు. బొంగరం అన్నవాళ్లే చప్పట్లు కొట్టి, వాడి పేరు పెట్టి అరిచారు.

కప్పు తీసుకుని, వాళ్లమ్మను వెంటబెట్టుకుని మండపానికి పోయాడు. ఇంట్లో ఎప్పుడూ వాచ్‌మన్ తాత అనే చెప్పేవాడు. ఆ తాతకు కొత్త పంచె తెచ్చింది అలివేలమ్మ.

తలుపు వేరే మనిషి తీశాడు. మునస్వామి నిన్న తెల్లారుజామున గుండె ఆగి పోయాడని, కొడుకు వచ్చి సత్యవేడుకు తీసుకుపోయాడని చెప్పాడు.

జయచంద్రకు ఏడుపొచ్చింది. నేలమీద గీత అలాగే ఉంది. ఇటుకలూ ఉన్నాయి. తాత నేర్పింది నువ్వైనా చూడమ్మా అని కారు వదిలాడు.

కారు అడ్డం తిరిగింది. లోయ అంచుదాకా తోక జారి, ముక్కు ఇటుకలకు ఆని నిలిచింది.

అలివేలమ్మ చేతిలోంచి పంచె జారిపోయింది.

"బ్రేకు ఎయ్యలేదా?"

"లేదమ్మా. బ్రేకు లేదనుకోమన్నాడు తాత."

"ఆ డ్రైవరూ అదే మొత్తుకున్యాడు. బ్రేకు పడలేదు, అందుకే అడ్డం తిప్పినానని. ఎవురూ నమ్మలేదు. కిందికి లాగి కాలు ఇరగ్గొట్టినారు." ఇందాక కొత్త వాచ్‌మన్ చెప్పిన పేరు ఆమెకు అప్పుడు తట్టింది. "మునస్వామా?"

జయచంద్ర తలూపాడు.

ఆమె ఇటుకల పక్కన నేలమీద కూలబడి, వంకర చేతిని ఒళ్లో పెట్టుకుంది.

"నిన్నూ నన్నూ బతికించినోడు తాగి తోలినాడని, కోర్టులో వేలు పెట్టి సూపించింది నేనేరా."